ఆర్కిమెడిస్ కిరీటం కేసు: దొంగని పట్టించింది నీళ్ల తొట్టా, త్రాసా?

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత దొంగతనం కేసు ఫైల్ మళ్లీ తెరుద్దాం. ఎంత పాతదంటే, 2,200 ఏళ్లు దాటిపోయింది. ఫిర్యాదు చేసింది ఒక రాజు. నిందితుడు ఒక కంసాలి, ఆయన పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. దర్యాప్తు చేసిన మనిషి పేరు మాత్రం స్కూల్ మొహం చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆర్కిమెడిస్.

కథ మనందరం విన్నదే. సిసిలీ ద్వీపంలో సిరక్యూజ్ అనే నగరం. దాని రాజు రెండవ హియరాన్. ఆయన తూచి బంగారం ఇచ్చి కిరీటం చేయించాడు. కిరీటం వచ్చింది, బరువు సరిపోయింది. కానీ కంసాలి కొంత బంగారం నొక్కేసి, అంతే బరువు వెండి కలిపేశాడని రాజుకి అనుమానం. కిరీటాన్ని కోయకుండా, కరిగించకుండా తేల్చాలి. ఆర్కిమెడిస్ స్నానానికి వెళ్లాడు, తొట్టిలో దిగాడు, నీళ్లు పొంగి బయటికి పోయాయి. "యురేకా" అంటూ బట్టల్లేకుండా ఇంటికి పరుగు.

సరే. ఇప్పుడు మన ప్రశ్న ఒక్కటే. ఆ పద్ధతిలో దొంగని నిజంగా పట్టుకోవచ్చా? ఎందుకంటే ఇది పజిల్ కాదు, ఒక మనిషిని దొంగ అని తేల్చే వ్యవహారం. కాబట్టి సాక్ష్యం ఎంత గట్టిదో చూడాలి.

ఈ కథ ఎవరు చెప్పారు?

ముందు సోర్స్ చూద్దాం. ఆర్కిమెడిస్ చనిపోయింది క్రీ.పూ. 212లో, రోమన్ సైన్యం సిరక్యూజ్‌ని పట్టుకున్నప్పుడు. కిరీటం కథని వివరంగా రాసింది విట్రూవియస్ అనే రోమన్ ఆర్కిటెక్ట్, క్రీ.పూ. మొదటి శతాబ్దం చివర్లో. భవన నిర్మాణం మీద ఆయన రాసిన పది భాగాల పుస్తకంలో తొమ్మిదో భాగంలో ఇది వస్తుంది. అంటే కథకీ, రాసిన మనిషికీ మధ్య దాదాపు 200 ఏళ్ల గ్యాప్.

ఇంకో చిన్న విషయం. విట్రూవియస్ చెప్పింది రాజు తలమీద పెట్టుకునే కిరీటం గురించి కాదు. దేవతలకి మొక్కుకున్న బంగారు దండ లాంటిది, ఆకుల ఆకారంలో తలచుట్టూ వచ్చేది. మన దగ్గర దేవుడికి బంగారు కిరీటం చేయిస్తామని మొక్కుకోరూ, అలాంటిదే. కోయకూడదు అనడానికి కారణం కూడా అదే. దేవుడికి ఇచ్చేసిన సొమ్ము.

విట్రూవియస్ చెప్పిన పద్ధతి ఇది. కిరీటంతో సమానమైన బరువున్న బంగారం ముద్ద ఒకటి, వెండి ముద్ద ఒకటి తీసుకున్నారు. పెద్ద పాత్రని అంచు దాకా నీళ్లతో నింపారు. ఒక్కోటి ముంచి, ఎన్ని నీళ్లు పొర్లాయో కొలిచారు. బంగారం ముద్ద కంటే కిరీటం ఎక్కువ నీళ్లు పొర్లించింది. అంటే కల్తీ ఉంది. కేసు క్లోజ్.

లాజిక్ కరెక్టే. బంగారం చాలా చిక్కటి లోహం, ఒక ఘన సెంటీమీటరు 19.3 గ్రాములు తూగుతుంది. వెండి అయితే సుమారు 10.5 గ్రాములే. కాబట్టి అదే బరువుకి వెండి ఎక్కువ చోటు తీసుకుంటుంది. వెండి కలిస్తే కిరీటం సైజు పెరుగుతుంది. మరి సమస్య ఎక్కడ? ఎంత పెరుగుతుంది అన్న దగ్గర.

లెక్క వేద్దాం

కిరీటం బరువు 1,000 గ్రాములు అనుకుందాం. ఇది ఉదారంగా వేసుకున్న అంకె. ఎందుకంటే గ్రీస్‌లోని వెర్జీనాలో 1977లో బయటపడిన రాజ సమాధిలో దొరికిన పెద్ద బంగారు దండ బరువే దాదాపు 714 గ్రాములు. కంసాలి కూడా మామూలోడు కాదు, 300 గ్రాములు నొక్కేశాడు అనుకుందాం. అంటే నూటికి 30 వంతులు.

స్వచ్ఛమైన బంగారం 1,000 గ్రాములు అంటే 51.8 ఘన సెంటీమీటర్లు. 700 గ్రాముల బంగారం, 300 గ్రాముల వెండి కలిపితే సుమారు 64.8. తేడా 13 ఘన సెంటీమీటర్లు.

వినడానికి బాగానే ఉంది. కానీ కిరీటం పట్టాలంటే పాత్ర మూతి కనీసం 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఆ మూతి వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. 13ని 314తో భాగించండి. నీటిమట్టంలో వచ్చే తేడా 0.4 మిల్లీమీటర్లు. నాలుగు కాగితాలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో అంత.

ఇప్పుడు ఇంట్లో ఒక స్టీలు గ్లాసు అంచు దాకా నింపి చూడండి. నీళ్లు అంచు కంటే పైకి ఉబ్బి నిలబడతాయి, వెంటనే పొర్లవు. దీన్నే తలతన్యత అంటాం. ఆ ఉబ్బే ఒకటి రెండు మిల్లీమీటర్లు పైనే ఉండొచ్చు. మనం వెతుకుతున్నది 0.4. దానికి తోడు, బయటికి తీసిన ముద్దకీ, కిరీటం ఆకులకీ నీటి చుక్కలు అంటుకుని వస్తాయి. పాత్ర బయట గోడమీద కొంత నీరు జారిపోతుంది. అంటే సిగ్నల్ కంటే నాయిస్ ఎక్కువ.

అది కూడా 30 శాతం కొట్టేస్తే సంగతి. దొంగ తెలివైనవాడై 5 శాతంతో ఆగితే? ఘనపరిమాణంలో తేడా 2.2 ఘన సెంటీమీటర్లు, నీటిమట్టంలో 0.07 మిల్లీమీటరు. కంటితో చూసే పనే లేదు. దీనికి రివర్స్ కూడా ఆలోచించండి. కంసాలి నిజాయితీపరుడు, కానీ ఆ రోజు కొలతలో పది చుక్కలు అటూ ఇటూ అయ్యాయి. ఆయన మెడమీద తలకాయ ఉంటుందా?

ఇక్కడ ఆర్కిమెడిస్ లాంటి వాడు ఈ పద్ధతి వాడి, దీంతో తృప్తిపడ్డాడంటే నమ్మబుద్ధి కాదు.

బావిలో బిందె చెప్పే మాట

తొట్టిలో దిగినప్పుడు రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, నీళ్లు పొర్లుతాయి. విట్రూవియస్ ఇది రాశాడు. రెండోది, ఒళ్లు తేలికవుతుంది. ఇది ఆయన రాయలేదు. అసలు సరుకు ఈ రెండోదాంట్లో ఉంది.

బావిలోంచి నీళ్లు తోడినవాళ్లని అడగండి. బిందె నీళ్లలో మునిగి ఉన్నంతసేపు తాడు మీద బరువే తెలియదు, ఒక చేత్తో కదిలించొచ్చు. నీటిమట్టం దాటి పైకి రాగానే భుజం గుంజేస్తుంది. బిందె మారలేదు, అందులో నీళ్లు మారలేదు. మరి ఆ బరువు ఇంతసేపూ ఎవరు మోశారు? బావిలో నీళ్లు మోశాయి.

నీళ్లు కింద నుంచి పైకి నెట్టే ఈ బలాన్ని స్కూల్లో ఉత్ప్లవన బలం అన్నారు. నీళ్లలో ఉండగా తూస్తే వచ్చే తగ్గిన బరువు దృశ్యభారం, అంటే అప్పరెంట్ వెయిట్. ఇది ఎందుకు వస్తుందంటే, నీళ్లలో లోతుకి వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మునిగిన వస్తువు అడుగు భాగం పైభాగం కంటే లోతులో ఉంటుంది కాబట్టి కింద నుంచి వచ్చే నెట్టుడు ఎక్కువ. ఆ తేడానే వస్తువుని పైకి లేపుతుంది.

ఎంత బలంతో? దీనికి జవాబు ఆర్కిమెడిస్ స్వయంగా రాసిన పుస్తకంలో ఉంది. తేలే వస్తువుల గురించి రాసిన ఆ పుస్తకం మొదటి భాగంలో, ఏడో ప్రతిపాదన. ద్రవం కంటే బరువైన వస్తువుని ద్రవంలో వేస్తే అడుక్కి పోతుంది, అక్కడ దాని బరువు, అది పక్కకి తోసిన ద్రవం బరువంత తగ్గుతుంది. ఇదీ దాని సారాంశం. ఆ పుస్తకంలో స్నానాల తొట్టి లేదు, కిరీటం లేదు, యురేకా లేదు. ఉన్నదంతా జ్యామితి.

ఇప్పుడు త్రాసు తీయండి

ఆ ఏడో ప్రతిపాదన చేతిలో ఉంటే కేసు ఎలా తేలుతుందో చూడండి. ఒక త్రాసు. ఒకవైపు కిరీటం వేలాడదీయండి, రెండోవైపు అంతే బరువున్న స్వచ్ఛమైన బంగారం. గాలిలో ముల్లు మధ్యలో నిలబడుతుంది. ఇప్పుడు రెండిటినీ అలాగే నీళ్లలోకి దించండి.

బంగారం ముద్ద 51.8 గ్రాముల నీటిని పక్కకి తోసింది, కాబట్టి అంత బరువు కోల్పోతుంది. 948.2 తూగుతుంది. కల్తీ కిరీటం 64.8 గ్రాములు కోల్పోయి 935.2 తూగుతుంది. కిరీటం ఉన్న వైపు పైకి లేస్తుంది. తేడా 13 గ్రాములు, దాదాపు రెండు ఐదు రూపాయల బిళ్ళలంత. బంగారం తూచే త్రాసుకి అది చాలా పెద్ద తేడా. 5 శాతం కల్తీ అయినా 2.2 గ్రాముల తేడా వస్తుంది, మంచి త్రాసు దాన్నీ వదలదు.

గమనించారా? ఆ 13 అంకె అదే. నీటిమట్టంలో వెతికితే నాలుగు కాగితాల మందం, త్రాసులో వెతికితే రాజు కూర్చున్న చోటు నుంచే కనిపించే ఒరుగు. పాత్ర ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, అంచు దాకా నింపక్కర్లేదు, ఎన్ని నీళ్లు పొర్లాయో ఎవరూ చూడక్కర్లేదు. కోడ్ రాసేవాళ్లకి చెప్పాలంటే, రెండు ఫైళ్లూ విడివిడిగా చదివి తేడా గుర్తుపెట్టుకోవడం తొట్టి పద్ధతి. రెండూ పక్కపక్కన పెట్టి డిఫ్ చూడటం త్రాసు పద్ధతి.

ఈ డౌట్ పాతదే

ఈ అనుమానం కొత్తదేమీ కాదు. 1586లో ఇటలీలో ఒక కుర్రాడికి ఇదే వచ్చింది. వయసు 22. అంతకు ముందు సంవత్సరమే పీసా యూనివర్సిటీ నుంచి డిగ్రీ లేకుండా బయటికి వచ్చాడు. పేరు గెలీలియో. ఆర్కిమెడిస్ పుస్తకాలు చదివినవాడు, పొర్లిన నీళ్లు కొలిచే మొరటు పద్ధతి ఆయన స్థాయికి తగదని చెప్పి, నీళ్లలో తూచే ఒక చిన్న త్రాసు ఎలా చేయాలో రాశాడు. ఆ చిన్న వ్యాసం పేరు లా బిలాంచెట్టా, అంటే చిట్టి త్రాసు.

అందులో ఒక ముచ్చటైన ట్రిక్ ఉంది. త్రాసు కడ్డీ మీద చాలా సన్నటి తీగ పక్కపక్కనే చుట్టాడు. ఆ చుట్లే స్కేలు మీద గీతలు. మరీ సన్నగా ఉండి కంటితో లెక్కపెట్టలేం కదా, అందుకని ఒక మొనదేలిన పరికరాన్ని చుట్ల మీదుగా నెమ్మదిగా లాగమన్నాడు. ఒక్కో చుట్టు దాటినప్పుడల్లా చేతికి తగులుతుంది, చెవికి వినిపిస్తుంది. అలా లెక్కపెట్టాలి. టెలిస్కోపులో చంద్రుణ్ణి చూడటానికి 20 ఏళ్ల పైచిలుకు ముందే, ఆ మనిషి కొలతని చెవితో వినే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ వ్యాసం అచ్చయింది మాత్రం ఆయన పోయాక, 1644లో.

గెలీలియో కంటే 500 ఏళ్ల ముందు ఇంకొకాయన ఉన్నాడు. అల్ బిరూనీ. భారతదేశం గురించి పెద్ద పుస్తకం రాసిన ఆయనే. 11వ శతాబ్దంలో లోహాల, రత్నాల సాంద్రతలు కొలిచాడు. ఆయన పొర్లే నీళ్ల పద్ధతినే వాడాడు, కానీ దాని జబ్బు ఏంటో పట్టుకున్నాడు. వెడల్పు మూతే అసలు సమస్య. అందుకే పాత్ర మెడ సన్నగా చేయించి, పొర్లిన నీళ్లు బయటికి రావడానికి పక్కన గొట్టం పెట్టాడు. మూతి సన్నబడితే అదే నీరు ఎక్కువ ఎత్తు లేస్తుంది, తేడా తెలుస్తుంది. 1121లో అల్ ఖాజినీ అనే పండితుడు ఐదు పళ్లేల నీటి త్రాసు గురించి ఏకంగా ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఆ పుస్తకం పేరుకి అర్థం జ్ఞానపు త్రాసు. అక్బర్ కాలానికి వస్తే, అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో కూడా లోహాల సాంద్రతల మీద ఒక అధ్యాయం ఉంది. అంటే ఈ లెక్క మన దేశంలో కూడా ఎప్పుడో అడుగుపెట్టింది.

పుస్తకం కూడా మునిగి తేలింది

ఆ ఏడో ప్రతిపాదన ఉన్న పుస్తకం మనదాకా రావడం ఇంకో కథ. చాలా కాలం దానికి దిక్కు 1269 నాటి లాటిన్ అనువాదమే. మూల గ్రీకు ప్రతి కనబడలేదు. 10వ శతాబ్దంలో చర్మపు కాగితాల మీద ఒకరు గ్రీకులో కాపీ చేసిపెట్టారు. 13వ శతాబ్దంలో చర్మం కొరత వచ్చింది కాబోలు, ఆ అక్షరాలు గీకేసి, పేజీలు అడ్డం తిప్పి, వాటిమీద ప్రార్థనలు రాసేశారు. ఆ పని పూర్తయింది 1229లో.

1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ ప్రార్థన పుస్తకం చూసి, వెనకాల మసకగా ఉన్నది ఆర్కిమెడిస్ అని గుర్తుపట్టాడు. తర్వాత అది మాయమైంది. 1998లో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. కొన్నవారు పేరు చెప్పకుండా బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంకి అప్పగించారు. అప్పటికే కొన్ని పేజీల మీద 20వ శతాబ్దంలో ఎవరో బంగారు రేకు వాడి నకిలీ పాత బొమ్మలు వేసేశారు, రేటు పెరుగుతుందని. కాలిఫోర్నియాలో ఎక్స్-రేలు పంపి, సిరాలోని ఇనుము ఆనవాలు పట్టుకుని, బొమ్మల కింద ఉన్న అక్షరాలు చదివారు. నకిలీ బంగారు కిరీటాన్ని పట్టించే సూత్రం ఉన్న పుస్తకం మీదే బంగారు పూతతో మోసం చేశారు చూడండి.

మీ ఉంగరం సంగతి

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. మనకి బంగారం నగ మాత్రమే కాదు. కూతురి పెళ్లి, కాలేజీ ఫీజు, పంటకి పెట్టుబడి, హాస్పిటల్ బిల్లు, అన్నిటికీ అదే గ్యారంటీ. గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర "ఇందులో కల్తీ ఉందమ్మా" అనే మాట ఎంత పెద్ద దెబ్బో మనకి తెలుసు. గీటురాయి మీద గీసి చూడటం పాత పద్ధతి, కానీ అది పైపొర గురించే చెప్తుంది.

నీళ్ల పరీక్ష ఇంట్లో చేయొచ్చు. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. వంటింటి త్రాసు పనికిరాదు. ముందు ఉంగరం బరువు రాసుకోండి. తర్వాత త్రాసు మీద చిన్న ప్లాస్టిక్ కప్పుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. ఉంగరాన్ని సన్నటి దారంతో కట్టి పూర్తిగా ముంచండి. అడుగుకీ, గోడకీ తగలకూడదు, బుడగలు ఉంటే కదిపి పోగొట్టండి. త్రాసు ఒక అంకె చూపిస్తుంది. నీళ్లు ఉంగరాన్ని పైకి నెడుతున్నాయి, ఉంగరం నీళ్లని అంతే బలంతో కిందికి నెడుతోంది, ఆ అంకె అదే. ఉంగరం పోగొట్టుకున్న బరువు అన్నమాట.

మొదటి బరువుని ఈ అంకెతో భాగించండి. అదే సాంద్రత. 22 క్యారెట్లయితే 17.6 నుంచి 18 మధ్య రావాలి, కలిపింది రాగా, వెండా అన్నదాన్ని బట్టి. అంటే 10 గ్రాముల ఉంగరానికి త్రాసు 0.55 నుంచి 0.57 చూపించాలి. వెండి ఉంగరం అయితే 0.95 చూపిస్తుంది. ఇత్తడి అయితే 1 దాటేస్తుంది.

కానీ వెంటనే షాపుకెళ్లి గొడవపడకండి. రాళ్లు పొదిగిన నగలకి ఇది పనికిరాదు. లోపల లక్క నింపిన గుండ్లకి, గాలి చిక్కుకునే బోలు నగలకి కూడా పనికిరాదు. అవి కల్తీ కాకపోయినా తక్కువ సాంద్రతే చూపిస్తాయి. ఒక్క తప్పు కొలతతో అమ్మినవాడిని దొంగ అనేస్తే మనం హియరాన్ కంటే ఏం బాగుపడ్డట్టు?

రెండో వైపు ప్రమాదం కూడా ఉంది. టంగ్‌స్టన్ అనే లోహం 1783లో స్పెయిన్‌లో బయటపడింది. దాని సాంద్రత 19.25. బంగారానిది 19.3. లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన మందంగా బంగారం పోసిన కడ్డీని ఆర్కిమెడిస్ త్రాసు ఇట్టే వదిలేస్తుంది. అలాంటి నకిలీ కడ్డీలు దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఎక్స్-రే మెషీన్ పైపొరనే చూస్తుంది కాబట్టి అదీ మోసపోవచ్చు. అక్కడ అల్ట్రాసౌండ్ కావాలి, ఎందుకంటే బంగారంలో కంటే టంగ్‌స్టన్‌లో శబ్దం చాలా వేగంగా వెళ్తుంది. సిరక్యూజ్ కంసాలికి ఆ లోహం తెలియకపోవడం ఆర్కిమెడిస్ అదృష్టం.

కాబట్టి నగ కొనేటప్పుడు హాల్‌మార్క్ చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే వివరాలు వస్తాయి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, బిల్లు కట్టకముందే చూసుకోండి.

తీర్పు

మరి కేసు సంగతి? దొంగతనం జరిగిందని విట్రూవియస్ రాశాడు. కానీ ఆయన చెప్పిన సాక్ష్యం మీద ఆ కంసాలిని ఈరోజు ఏ కోర్టూ శిక్షించదు. నీటి అంచు మీద ఉబ్బు, నాలుగు కాగితాల మందం తేడా, అంతే. అదే కిరీటాన్ని త్రాసుకి కట్టి నీళ్లలో దించి ఉంటే, నిజంగా దొంగైతే తప్పించుకునేవాడు కాదు, నిర్దోషి అయితే ధైర్యంగా ఇంటికెళ్లేవాడు.

యురేకా అని పరిగెత్తడం బాగా గుర్తుండిపోయే సీన్. ఆ కంసాలికి మాత్రం కావాల్సింది సరిగ్గా తూచే మనిషి. ఆ తూకానికి దారి చూపిన వాక్యం ఆర్కిమెడిస్ పుస్తకంలోనే ఉంది, యురేకా అనే మాట లేకుండా.

మీ ఇంట్లో ఉంగరం తూచితే ఎంత వచ్చిందో కామెంట్స్‌లో రాయండి, బరువు, నీళ్లలో అంకె, రెండూ రాయండి. అమ్మ పర్మిషన్ తీసుకునే తూచండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.